ఎత్తు – ఎత్తుగడ

‘ఎత్తుకు పైఎత్తు’ అనే పలుకుబడి మనకు సుపరిచితమే. పైఎత్తు వేయదలచినవాడు ముందుగా ఎదుటివాని ఎత్తును గ్రహించాలి. ఆ గ్రహింపు ఆటలోని తొలి ఘట్టంలోనే మొదలవుతుంది. కదిలిన పావు కంటికి కనిపించే ఎత్తు. దానిని కదిలించిన ఆలోచన ఎత్తుగడ. మొదటిదాని ఆధారంగా రెండవదానిని ఊహించడమే ఆటగాని నేర్పు.

మన పల్లెల్లో అరుగులపై గీసుకొని ఆడే పులి-మేక ఆటను చూడండి. మేకలన్నింటినీ దించేవరకు, దించిన మేకను కదపరాదు. కనుక ఏ కూడళ్ళు ముందుగా నిండుతున్నాయో గమనిస్తే, మేకల పక్షంవాడు పులిని ఏ వైపునకు నెట్టదలచాడో తెలుస్తుంది. అదే సమయంలో ఏ మేక వెనుక గడి ఖాళీగా మిగిలిందో కూడ తెలుస్తుంది. పులి దూకేది అక్కడే. ఎదుటివాడు దేనిని కోరుతున్నాడు, దానికోసం దేనిని వదులుకొంటున్నాడు అనే ఈ రెండు ప్రశ్నలే తొలి ఎత్తులను చదవడానికి ఆధారాలు.

చదరంగంలో ఈ విద్య మరింత సూక్ష్మమైనది. తెల్లపావుల ఆటగానికి మొదటి ఎత్తుగా 20 మార్గాలున్నాయి. నల్లపావుల వానికీ అన్నే ఉన్నాయి. అంటే చెరొక ఎత్తు వేసేసరికే పలకపై 400 విధాల స్థితులు ఏర్పడవచ్చు. వీటినన్నింటినీ కంఠస్థం చేయడంకంటె, వాటి వెనుకనున్న ఉద్దేశాన్ని తెలుసుకోవడం మేలు.

ఒక ఉదాహరణ. తెల్లపావుల వాడు రాజు ముందరి బంటును రెండు గళ్ళు నడిపాడు. నల్లపావుల వాడు బదులుగా తన రాజు ముందరి బంటును ఒక్క గడి మాత్రమే జరిపాడు. దీనికి ‘ఫ్రెంచ్ డిఫెన్స్’ అని పేరు. పిరికిగా కనిపించే ఈ ఎత్తు వెనుక గట్టి సంకల్పమున్నది. మరుసటి ఎత్తులో మంత్రి ముందరి బంటును రెండు గళ్ళు నడిపి, పలక నడిమి భాగంలో పోరు సాగించాలన్నదే ఆ సంకల్పం. అయితే దానికొక మూల్యమున్నది. మంత్రి పక్కనున్న శకటుకు సొంత బంటే అడ్డు నిలుస్తుంది. ప్రత్యర్థి ఈ రెండింటినీ చూడగలగాలి.

2024 నవంబరులో సింగపూరులో ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌తో దొమ్మరాజు గుకేశ్ తలపడ్డాడు. చెన్నైలో పుట్టిన ఈ తెలుగు యువకునికి అప్పటికి 18 ఏళ్ళు. అతని సహాయక బృందంలో గుంటూరుకు చెందిన గ్రాండ్ మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నారు. మొదటి ఆటలో డింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్‌ను ఎంచుకొన్నాడు. గుకేశ్ రాజు పక్షాన బంటును ముందుకు నెట్టి దాడికి పూనుకొన్నాడు. డింగ్ ఆ దాడికి తట్టుకొని 42 ఎత్తులలో గెలిచాడు. 13వ ఆటలో గుకేశ్ మళ్ళీ అదే తొలి ఎత్తు వేశాడు. డింగ్ మళ్ళీ అదే బదులిచ్చాడు. ఈసారి గుకేశ్ దారి మార్చాడు. ఆ ఆట సమంగా ముగిసింది. మరునాడు, డిసెంబరు 12న, 14వ ఆట గెలిచి 7.5–6.5 తేడాతో ప్రపంచ విజేత అయ్యాడు.

దీనినిబట్టి గ్రహించవలసినది ఒకటున్నది. తొలి ఎత్తులను చదవడం జోస్యం చెప్పడం కాదు. అది ఒక అంచనా మాత్రమే. ప్రతి కొత్త ఎత్తుతోను దానిని సరిచూసుకోవాలి. తొలి అంచనాపై మమకారం పెంచుకొన్నవాడు, ఎదుటివాడు దారి మార్చినా గమనించలేడు. సికింద్రాబాదులోని ఒక బడిలో ఇద్దరు పిల్లలు ఆడుకొనే ఆటకైనా, ప్రపంచస్థాయి పోటీకైనా ఈ నియమం ఒక్కటే.