రాతిమీఁది బొమ్మ – నోటిలోని కథ

కొండచఱియలోని బొమ్మకు నోరు లేదు. దానికి మాట నిచ్చువా రెవరు? పలుగు పట్టిన పండితుఁడా, ముత్తాతల కథ చెప్పు ముదుసలియా? దక్షిణాఫ్రికాలోని సాన్ జాతి చరిత్రము ఈ ప్రశ్నకు తగిన సమాధాన మొసఁగుచున్నది.

డ్రాకెన్స్‌బర్గు కొండలలో ఈ వేఁటజాతి వ్రాసిన చిత్రములు వేలకొలఁది గలవు. జింకతలలు గల మనుష్యులు, ముక్కున నెత్తురు కారువారు, ఈలాండను పెద్ద జింకలు అందు గానవచ్చును. తెల్లవారిలో పెక్కండ్రు వీనిని వేఁటముచ్చటలనియు, ప్రొద్దుపోక గీసిన గీతలనియు తలఁచిరి. 1873లో క్వింగ్ అను సాన్ యువకుఁడు ఓర్పెన్ దొరకు దారి చూపుచు, జింకతలలవారు గతించి నదులలో నివసించువారనియు, నృత్యముచే చెడినవారనియు తెలిపెను. ఆ కాలముననే కేపుటౌనులో విల్హెల్మ్ బ్లీక్, ఆయన భార్యకు అక్కయగు లూసీ లాయిడ్, చెఱసాలనుండి తెచ్చిన ఖామ్ తెగవారిని తమ యింట నుంచుకొని, వారి కథలను వారి భాషయందే సుమారు 12,000 పుటలు వ్రాసికొనిరి.

ఈ కథల యాధారముననే 1981లో డేవిడ్ లూయిస్-విలియమ్స్ చిత్రములకు క్రొత్త యర్థము చెప్పెను. గేమ్‌పాస్ గుహలో చచ్చుచున్న ఈలాండు కాళ్లు మెలివడి, తల వాలియున్నది. దాని తోఁకఁ బట్టిన మనుష్యుని కాళ్లును అట్లే మెలివడియున్నవి. ఇది వేఁట గాదు, పూనకమున మనుష్యుఁడు చచ్చినవానివలె నై జంతుశక్తిని గైకొనుట యని యాయన వాదము. కలహారి సానులు పూనకపు నృత్యముచే రోగములు మాన్పుటను ఇరువదవ శతాబ్దమున పలువురు కన్నులారఁ జూచిరి.

అయినను జాగ్రత్త వలయును. క్వింగ్ చెప్పినది పూనకమును గూర్చి కాదు, నిజముగా గతించినవారిని గూర్చియే యని ఆన్ సోలమన్ వాదించెను. ఖామ్‌వారు ఆ కొండలకు మిక్కిలి దూరమున కరూ మైదానములలో నుండినవారు. కథ దీపమే కాని సాక్షి కాదు. దాని వెలుఁగున చూచినదానిని మరల రాతితో సరిచూడవలెను.

మన పల్లెలలో ప్రాచీన శిలాసమాధులను రాకాసిగుళ్లనియు, పాండవగుళ్లనియు పిలుతురు. ఆ పేర్లు కట్టినవారి తలంపును గాక, తరువాత చూచినవారి యాశ్చర్యమును తెలుపును. చిత్రించిన జాతివారే చెప్పిన కథకును, పిమ్మట వచ్చినవారు కల్పించిన కథకును గల భేద మిదియే.

ఖామ్ భాష మాటలాడువారు నేఁడు లేరు. 2000 సంవత్సరమునుండి దక్షిణాఫ్రికా రాజ్యచిహ్నముపై ఆ భాషలోని వాక్యమే వెలయుచున్నది. ఇది గౌరవమే. కాని భాష చచ్చినపిదప చిహ్నమున నిలుపుటకంటె, బ్రతికియుండఁగనే చెప్పువారియొద్ద కూర్చుండి వినుట మేలు. మన యడవిజాతుల పెద్దల విషయమున మనకీ యవకాశ మింకను గలదు.