ఒక కడవ నీరు, అనేక శాస్త్రాలు

నెల్లూరు సముద్రతీరాన బెస్తవారి పాలేలలో మంచినీటికోసం లోతైన బావి తవ్వే అలవాటు తక్కువ. ఇసుక మెరక చూసుకొని, మనిషి లోతు మించకుండా గొయ్యి తీసేవారు. దానినే చెలమ అంటారు. కెరటాల చప్పుడు వినబడేంత దగ్గరలో ఉన్నా, అందులో ఊరే నీరు తియ్యగా ఉంటుంది. తీరం వదలి పడమరగా మెట్ట ప్రాంతానికి పోతే సంగతి తారుమారవుతుంది. అక్కడ రాతిలో తొలిచిన బావిలో నీరు అద్దంవలె తేటగా ఉంటుంది, నోటికి ఏ దోషమూ తెలియదు. కాని అటువంటి కొన్ని బావుల నీటిని చిన్ననాటినుండి తాగినవారికి నడివయసులోనే వెన్ను బిగుసుకొనిపోయింది.

మొదటి నీరు తియ్యగా ఎందుకున్నది? రెండవది తేటగా ఉండి కూడ కీడు ఎందుకు చేసింది? ఈ రెండు ప్రశ్నలకూ ఒకే శాస్త్రం సమాధానం చెప్పలేకపోయింది.

మెట్ట ప్రాంతం కథ ముందు చెప్పుకోవాలి. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆ రోజులలో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు విడిపోయాయి. ఈ ప్రాంతపు రోగులను పరీక్షించి 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు భారతీయ వైద్య పరిశోధన పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. మనుష్యులలో ఎముకలకు పట్టే ఫ్లోరిన్ వ్యాధిని మన దేశంలో వివరంగా వర్ణించిన తొలి వ్యాసం అదే. షార్ట్ గిండీలోని కింగ్ సంస్థకు చెందినవాడు. మలేరియా క్రిమి రక్తంలోకి రాకముందు కాలేయంలో పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి చూపిన షార్ట్ కూడ ఇతడే.

వ్యాధి లక్షణాలు క్రమంగా వస్తాయి. పిల్లల పళ్లమీద సుద్దవంటి మచ్చలు, తరువాత గోధుమరంగు చారలు పడతాయి. ఊళ్లలో వీటిని గారపళ్లు అంటారు. పెద్దయిన కొన్నేళ్లకు కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి, నడుము నొప్పి మొదలవుతుంది. వెన్నుపూసల మధ్య కట్టులు ఎముకగా మారి, వెన్నంతా ఒకే కడ్డీవలె బిగుసుకొంటుంది. పక్కటెముకలు కదలక, మనిషి పొట్టతోనే ఊపిరి తీయవలసి వస్తుంది. ఎక్స్ కిరణ చిత్రంలో ఎముక సుద్దముక్కవలె తెల్లగా, దట్టంగా కనబడుతుంది.

దీనికి కారణం ఫ్లోరిన్ అని తెలియడానికి దూరదేశాల పరిశోధన తోడైంది. 1931లో అమెరికాలో చర్చిల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు, గారపళ్లు ఉన్న ఊళ్ల నీటిలో ఫ్లోరిన్ ఉన్నదని కనుగొన్నాడు. అతడు వైద్యుడు కాడు; అల్యూమినియం కంపెనీలో ఉద్యోగి. 1932లో డెన్మార్కులో మోలర్, గుడ్‌యోన్సన్ అనే వైద్యులు, కోపెన్‌హాగెన్ కర్మాగారంలో క్రయొలైట్ అనే ఫ్లోరిన్ ఖనిజపు దుమ్ము పీల్చిన కూలీల ఎముకలు దట్టమైనట్లు చూపారు. ఆ కూలీ పీల్చినది దుమ్ము, నెల్లూరు రైతు తాగినది నీరు. ఇద్దరి ఎముకలలోనూ జరిగినది ఒకటే.

నీటిలోకి ఫ్లోరిన్ ఎట్లా వచ్చింది? ఇక్కడ భూగర్భశాస్త్రం కావలసి వచ్చింది. మెట్టలో నేలకింద ఉన్నది పురాతనమైన గట్టి రాయి. ఆ రాతిలోని నల్ల అభ్రకం, అపటైటు మొదలైన ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వాననీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, కొద్దికొద్దిగా దానిని కరిగించుకొంటుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరిన్ దానితో కలిసి అడుగున దిగిపోతుంది. సోడా ఎక్కువై కాల్షియం తక్కువైన నీటిలో కరిగే ఉంటుంది. అందుచేత పక్కపక్క బావులలోనే ఒకటి మంచిది, ఒకటి చెడ్డది కావచ్చు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రామునే కోరదగిన హద్దుగా పెట్టి, వేరే నీరు దొరకనిచోట మాత్రం 1.5 వరకు ఒప్పుకొంటుంది. ఎండలో పనిచేసే మనిషి ఎక్కువ నీరు తాగుతాడు గనుక ఈ జాగ్రత్త అవసరమే.

ఇంతటితో ముగిసినదనుకొంటే పొరపాటు. ఒకే బావి నీరు తాగినవారందరికీ వ్యాధి ఒకే తీరుగా ఎందుకు రాలేదు? 1940లో సి. జి. పండిట్, ఆయనతోటి పరిశోధకులు దక్షిణదేశంలో ఈ ప్రశ్నను పట్టుకొన్నారు. తిండి చాలని బీదవారిలో ఎముకల వ్యాధి తీవ్రంగా ఉన్నదని, ఆహారంలో సి విటమిను కొరత కూడ ఇందుకు కారణం కావచ్చునని వారు భావించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి, ఫ్లోరిన్ ప్రాంతాల యువకులలో మోకాళ్లు లోపలికి ఒరిగే వైకల్యాన్ని వర్ణించారు. దానికి జొన్న ఆహారంతోను, పైరులో చేరే మాలిబ్డినంతోను, ప్రాజెక్టుల ఊటవల్ల నేలలో వచ్చిన మార్పులతోను సంబంధం ఉండవచ్చునని ఆ పరిశోధకులు ఆలోచించారు. ఎముకతో మొదలైన విచారణ ఈ విధంగా కంచానికీ, అక్కడినుండి ఆనకట్టకూ చేరింది.

ఇక నివారణ. 1970ల దశాబ్దంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ ఒక సులభమైన పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగు పొడి కలిపి, చిలికి, తేరనిస్తే ఫ్లోరిన్ చాలవరకు మడ్డితోపాటు దిగిపోతుంది. రసాయనశాస్త్రం దృష్టితో ఇది చక్కని పద్ధతి. కాని పటిక మోతాదు ఒక్కొక్క బావికి ఒక్కొక్క తీరు. రోజూ కలపవలె, గంటసేపు ఆగవలె, మడ్డి పారబోయవలె. ఈ పని ఎవరు చేస్తారు? తెల్లవారి కూలికి పోయే ఇంటిలో నీరు తేరేవరకు ఎవరు కాచుకొంటారు? ఇవి ప్రయోగశాలలో తేలే ప్రశ్నలు కావు.

సామాజిక శాస్త్రజ్ఞుడు ఊరికి వచ్చి వేసే ప్రశ్నలు ఇటువంటివే. ఊరంతా ఫలానా బావి నీరు తాగుతున్నదని రాయడం తేలిక. కులాన్నిబట్టి బావులు వేరైన ఊళ్లలో ఆ వాక్యానికి అర్థమే లేదు. ఆసుపత్రి వైద్యుడు తన వద్దకు వచ్చినవారిని లెక్కిస్తాడు. బండికి డబ్బులేక ఇంటనే మంచంపట్టినవాడు ఆ లెక్కలో చేరడు. ఇంటింటికీ తిరిగే సర్వే అతణ్ణి పట్టుకొంటుంది. ఒకే ఊళ్లో ఏడాది కాపురముండే మానవశాస్త్రజ్ఞుడైతే, ఎండాకాలంలో మంచిబావి ఎండినప్పుడు ఆడవారు ఏ బావికి పోతారో కూడ చూస్తాడు. ఫ్లోరిన్ సంగతిలో ఆ రెండు మూడు నెలలు చిన్న విషయం కాదు.

ఇప్పుడు తీరానికి తిరిగి వద్దాం. చెలమనీరు తియ్యగా ఉండడానికి కారణం బరువులో తేడా. సముద్రపు నీరు మంచినీటికన్న నూటికి సుమారు రెండున్నర వంతులు బరువు. ఇసుకలో ఇంకిన వాన, ఉప్పునీటిమీద పెరుగుపై మీగడవలె తేలి ఉంటుంది. గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు కట్టిన లెక్క ప్రకారం, మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైన ఉంటే, కింద సుమారు నలభై అడుగుల వరకు మంచినీరుంటుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నలభై అడుగులు పోతుందన్నమాట. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుందని లెక్క తెలియకుండానే పాలెంవారు ఎరుగుదురు.

1990 తరువాత ఈ తీరాన రొయ్యల చెరువులు వేగంగా పెరిగాయి. సముద్రపు నీటిని, ఉప్పుటేటి నీటిని యంత్రాలతో తోడి నేలమీద నిలిపారు. ఉప్పు తగ్గించడానికి బోరునీరు కలిపారు. మీగడను పైనుండి తోడడమూ, దానిమీద ఉప్పు పోయడమూ ఒకేసారి జరిగాయి. నెల్లూరు జిల్లాలోని కుర్రు గ్రామంలో బెస్తవారికి తాగునీరు లేకపోయి, ట్యాంకర్లతో తేవలసి వచ్చిన సంగతి సుప్రీంకోర్టువరకు వెళ్లింది. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలే చచ్చి, చెరువులవారూ నష్టపోయారు.

కోర్టు ఆజ్ఞమీద నాగపూరు సంస్థవారే తీరాన్ని పరిశీలించారు. ఈసారి వారు నీటి పరీక్షతో ఆగలేదు. ఎగుమతి లాభాన్ని ఒకవైపు, పోయిన పొలాలు, వేట, తాగునీరు మరొకవైపు వేసి తూచారు. నష్టమే ఎక్కువని తేలింది. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు ఆ లెక్కను ఆధారం చేసుకొన్నది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, తీరప్రాంత చెరువులను నమోదు చేసే అధికార సంస్థను ఏర్పరచింది. ఇటువంటి తూకంలో అర్థశాస్త్రజ్ఞులలో తగాదా తప్పదు: కడవ నీటికి ధర ఎంత? ట్యాంకరు ఖర్చా, దూరం నడిచిన స్త్రీ పొద్దుటి కూలియా, ఆమె బిడ్డ మానుకొన్న చదువా? ఏ ధర వేస్తే ఆ జవాబు వస్తుంది.

తీరానికి దగ్గరనున్న ఉన్నత పాఠశాలలలో ఈ విచారణను చిన్నపాటిగా చేయవచ్చును. చెలమనీటిని పరీక్షనాళికలో తీసుకొని, నత్రికామ్లం ఒక చుక్క, సిల్వర్ నైట్రేట్ ద్రావణం రెండు చుక్కలు వేస్తే, ఉప్పున్న కొద్దీ పాలవంటి తెల్లని మడ్డి ఏర్పడుతుంది. వానలు వెలిసిన తరువాత ఒకసారి, వైశాఖంలో ఒకసారి అదే చెలమనీటిని చూడవలె. ఆ పట్టికలో రెండవ వరుస వేసి, ఆ రోజు ఆ చెలమకు ఎవరెవరు, ఎంత దూరంనుండి వచ్చారో అడిగి రాసుకోవలె. మొదటి వరుసకు ప్రయోగశాల చాలును. రెండవదానికి తెల్లవారుజామున చెలమ దగ్గరకు పోయి నిలబడవలె.