సెంటర్ ఛానల్ స్పీకరు

సెంటర్ ఛానల్ స్పీకరు అనగా హోమ్ థియేటర్‌లో టీవీ తెరకు సరిగా పైన గానీ, కింద గానీ ఉంచే స్పీకరు. 5.1 అని పిలవబడే అమరికలోని ఐదు ప్రధాన స్పీకర్లలో ఇది ఒకటి (.1 అనునది సబ్‌వూఫరును సూచిస్తుంది). చలనచిత్రాలలోని సంభాషణలలో అత్యధిక భాగం దీనినుండే వెలువడుతుంది.

చరిత్ర

స్టీరియో అనగానే రెండు స్పీకర్లు గుర్తుకు వచ్చినప్పటికీ, తొలి ప్రయోగాలలో కొన్ని మూడింటితో జరిగాయి. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియా వాద్యబృందపు సంగీతాన్ని బెల్ ప్రయోగశాలవారు మూడు ఛానళ్ళలో తీగలద్వారా వాషింగ్టన్‌కు పంపి, అక్కడి శ్రోతలకు వినిపించారు. 1953లో విడుదలైన సినిమాస్కోప్ చిత్రం 'ది రోబ్'కు తెర వెనుక మూడు ఛానళ్ళ శబ్దం ఉండేది. గ్రామఫోను రికార్డు గాడిలో రెండు ఛానళ్ళకే వీలుండుటవలన ఇళ్ళలో మాత్రం రెండు స్పీకర్లే స్థిరపడ్డాయి. 1987లో వచ్చిన డాల్బీ ప్రో లాజిక్‌తో మధ్య స్పీకరు ఇళ్ళకు చేరింది.

అవసరం

రెండు స్పీకర్లనుండి ఒకే శబ్దం సమానంగా వెలువడినపుడు అది మధ్యనుండి వస్తున్నట్లు భ్రమ కలుగుతుంది. అయితే ఈ భ్రమ నడుమ కూర్చున్నవారికే పరిమితం. సోఫా చివర కూర్చున్నవారికి దగ్గరి స్పీకరు శబ్దం ముందుగా చేరుతుంది. మెదడు ముందు చేరిన శబ్దాన్నిబట్టే దిక్కును నిర్ణయిస్తుంది కనుక, నటుడు తెర మధ్యన మాట్లాడుతున్నా గొంతు పక్కనుండి వినబడుతుంది.

నడుమ కూర్చున్నవారికి కూడా నష్టం లేకపోలేదు. ప్రతి స్పీకరు శబ్దం అవతలివైపు చెవికి సుమారు పావు మిల్లీసెకను ఆలస్యంగా చేరి, 2 కిలోహెర్ట్‌జ్ ప్రాంతంలో శబ్దాన్ని కొంత బలహీనపరుస్తుంది. హల్లులను గుర్తుపట్టుటకు ఈ ప్రాంతం చాలా ముఖ్యం. మాటలు తెలియక వాల్యూమ్ పెంచి, పోరాట దృశ్యం రాగానే తగ్గించవలసివచ్చే అవస్థకు ఇది ఒక్కటే కారణం కాదు గానీ, ఇదీ ఒకటి. మధ్య స్పీకరు ఉన్నచో దాని స్థాయిని మాత్రమే విడిగా పెంచుకొనవచ్చును.

అమర్చు విధానం

ముందుగా ఆంప్లిఫయరుకు సెంటర్ ఔట్‌పుట్ ఉన్నదో లేదో చూడవలెను. రెండు ఛానళ్ళ ఆంప్లిఫయరు యొక్క ఎడమ, కుడి తీగలను కలిపి ఒకే స్పీకరుకు ఇవ్వరాదు. ఆంప్లిఫయరు కాలిపోయే ప్రమాదమున్నది.

కొత్త స్పీకరు ఇదివరకున్న ఎడమ, కుడి స్పీకర్ల శ్రేణికి చెందినదైతే మేలు. లేనిచో, ఒక వాహనం తెరపై ఈ కొసనుండి ఆ కొసకు వెళ్ళునపుడు దాని మోత మధ్యలో మారిపోయినట్లు తోస్తుంది. టీవీ బల్లపై వెనుకకు నెట్టినచో శబ్దం బల్లను తాకి పరావర్తనం చెందుతుంది కనుక అంచువరకు జరిపి, ముఖభాగాన్ని శ్రోతల చెవులవైపు వంచవలెను.

అమర్చిన తరువాత రిసీవరు మెనూలో సెంటర్ స్పీకరు ఉన్నట్లు తెలుపవలెను. చాలామంది మరచేది ఇదే. తెలుపనిచో సంభాషణలు మునుపటివలె పక్క స్పీకర్లకే పోతాయి. దూరాన్ని కొలిచి నమోదు చేయవలెను. 34 సెంటీమీటర్ల తేడా ఒక మిల్లీసెకనుతో సమానం. చిన్న స్పీకరైతే సుమారు 80 హెర్ట్‌జ్‌కు దిగువనున్న శబ్దాన్ని సబ్‌వూఫరుకు మళ్ళించుట వాడుక.

'మాయాబజార్' (1957) వంటి పాత చిత్రాల అసలు శబ్దం మోనో. రెండు ఛానళ్ళలోను ఒకే శబ్దమున్న ఇట్టి ప్రతులను ప్రో లాజిక్‌లో పెట్టినపుడు దాదాపు శబ్దమంతా మధ్య స్పీకరునుండే వస్తుంది. పక్క స్పీకర్లు మూగబోయినా అది లోపం కాదు.