ఒడ్డెక్కిన పడవకు నీటి గండం

అమెరికా, కెనడాల నడుమ ఉన్న మహాసరస్సుల తీరాల్లో అక్టోబరు వచ్చిందంటే తెరచాప పడవలు ఒడ్డెక్కడం మొదలవుతుంది. వీటిలో అతి పెద్దదైన సుపీరియర్ సరస్సు విస్తీర్ణం సుమారు 82 వేల చదరపు కిలోమీటర్లు. దాని ఒడ్డున ఉన్న డులూత్, బేఫీల్డ్ వంటి ఊళ్లలో చక్రాల మీద కదిలే పెద్ద క్రేన్లు పడవలను పట్టీలతో ఎత్తి, యార్డుల్లో వరసగా నిలబెడతాయి. తిరిగి ఏప్రిల్ చివరో, మే నెలో వచ్చేదాకా వాటిలో చాలా పడవలకు ఆకాశమే కప్పు. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం అక్కడ మామూలే.

ఇంత చలిలో పడవకు ప్రమాదం చలి వల్లనే అని అనుకోవడం సహజం. అది నిజం కాదు. ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు ఈ చలిని ఏ హానీ లేకుండా తట్టుకుంటాయి. పడవను పాడుచేసేది దానిలో చిక్కుకుని బయటికి దారి దొరకని నీరు. చలికాలపు సంరక్షణ అంతా ఈ ఒక్క సత్యం చుట్టూ తిరుగుతుంది.

చాలా ద్రవాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతాయి. నీరు మాత్రం సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. మంచు స్ఫటికంలో నీటి అణువులు షడ్భుజాకారపు అమరికలో, నడుమ ఖాళీలు వదులుతూ కుదురుకోవడమే దీనికి కారణం. ఈ వ్యాకోచానికి ఎంత బలముందో 1784–85 శీతకాలంలో కెనడాలోని క్యూబెక్ నగరంలో ఎడ్వర్డ్ విలియమ్స్ అనే ఫిరంగిదళ అధికారి పరీక్షించి చూశాడు. బోలుగా ఉన్న ఇనుప ఫిరంగి గుండ్లలో నీరు నింపి, రంధ్రంలో ఇనుప బిరడా దిగ్గొట్టి, ఆరుబయట ఉంచాడు. నీరు గడ్డకట్టగానే బిరడాలు వందల అడుగుల దూరం ఎగిరిపడ్డాయి. బిరడా కదలని చోట గుండే పగిలింది. నీటిని ఏ మాత్రం వ్యాకోచించనివ్వకుండా పూర్తిగా బంధిస్తే, మైనస్ 22 డిగ్రీల దగ్గర పుట్టే పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి 2 వేల రెట్లకు పైబడి ఉంటుంది. ఇనుప గుండునే చీల్చిన ఈ బలం ముందు ఇంజిన్‌లోని పోత ఇనుము, వాల్వులోని కంచు నిలుస్తాయని ఆశించలేం.

ఇక్కడ మరొక విశేషం గమనించాలి. నీటి సాంద్రత 4 డిగ్రీల దగ్గర అత్యధికం కాబట్టి, సరస్సు పైన మంచు పలక కట్టినా అడుగున నీరు 4 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. నీటిలో ఉన్న పడవ అడుగుభాగానికి సరస్సు తన వేడిని కొంత అందిస్తూనే ఉంటుంది. ఒడ్డెక్కిన పడవకు ఆ ఆసరా లేదు. గాలి ఎంత చల్లబడితే పడవ అడుగున ఉన్న ఇంజిన్, గొట్టాలు కూడా అంతే చల్లబడతాయి. కదిలే మంచు పలకల ఒత్తిడి నుంచి తప్పించడానికే పడవను పైకి తీస్తాం. అయితే అలా తీసిన రోజు నుంచి లోపలి ప్రతి నీటి బొట్టుకూ మనమే బాధ్యులం.

ఆ నీరు ఎక్కడెక్కడ దాగి ఉంటుంది? మొదటిది ఇంజిన్. పడవ డీజిల్ ఇంజిన్ సరస్సు నీటినే లోపలికి లాక్కుని చల్లబడుతుంది. ఆపిన తరువాత కూడా పంపులో, గొట్టాల వంపుల్లో, పొగగొట్టం దారిలోని మఫ్లర్‌లో నీరు నిలిచే ఉంటుంది. అందుకే చివరిసారి ఇంజిన్ నడిపేటప్పుడు నీటికి బదులు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని పీల్పించి, అది పొగగొట్టం నుంచి రంగు తేలి బయటికి వచ్చేదాకా నడపాలి. తాగునీటి గొట్టాలకూ, మరుగుదొడ్డి పంపుకూ ఇదే పద్ధతి. అయితే ముందుగా ఉన్న నీటినంతా తోడేయకుండా పైనుంచి గ్లైకాల్ పోస్తే, ఆ నీరు ద్రావణాన్ని పలుచన చేసి రక్షణను హరిస్తుంది. డబ్బా మీద రాసిన ఉష్ణోగ్రత పలుచన కాని ద్రావణానికే వర్తిస్తుందని మరవకూడదు. కారు రేడియేటర్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్‌ను ఇక్కడ వాడనే కూడదు. అది విషం. పైగా తియ్యగా ఉంటుంది. యార్డులో ఒలికిన మడుగును నాకిన కుక్క బతకడం కష్టం.

రెండోది పడవ అడుగున ఉన్న బాల్ వాల్వులు. పడవలోకి నీరు రానిచ్చే రంధ్రాలకు ఇవి కాపలా. మూసి ఉంచిన వాల్వులో, తిరిగే గోళం మధ్యనున్న బోలు భాగంలో కొద్దిపాటి నీరు చిక్కుకుంటుంది. వాల్వును చీల్చడానికి అది చాలు. మే నెలలో పడవ నీటిలోకి దిగినప్పుడే ఆ చీలిక బయటపడుతుంది, అప్పటికి పడవలోకి నీరు వస్తూ ఉంటుంది. కాబట్టి ఒడ్డుకు చేరగానే వాల్వులు తెరిచి, రెండు మూడు సార్లు తిప్పి, తెరిచే వదిలేయాలి.

చుక్కాని సంగతి చాలామందికి తెలియదు. చాలా పడవల్లో చుక్కాని అంటే ఫైబర్‌గ్లాస్ పెంకు, దాని లోపల నురుగు పదార్థం, నడుమ స్టీలు కడ్డీ. కడ్డీ, పెంకు వేర్వేరు మోతాదుల్లో వ్యాకోచిస్తాయి గనుక అవి కలిసే చోట సన్నని సందు ఏర్పడుతుంది. వేసవంతా ఆ సందులోంచి నీరు ఊరుతుంది. శీతకాలంలో అదే గడ్డకట్టి పెంకును అతుకు దగ్గర విప్పుతుంది. అనుభవజ్ఞులు అక్టోబరులోనే చుక్కాని అడుగున చిన్న రంధ్రం తొలిచి నీటిని కారనిస్తారు, వసంతంలో ఎపాక్సీతో పూడుస్తారు. మంచి పడవకు రంధ్రం వేయడానికి చేయి రాకపోవచ్చు. అయినా ఇది చేయదగిన పనే.

తెరచాపకొయ్యను పట్టి ఉంచే తీగల చివర్లలో స్టీలు తొడుగులు నొక్కి బిగించి ఉంటాయి. కొయ్య నిలిచి ఉన్నప్పుడు కింది తొడుగుల మూతి పైకి ఉంటుంది, వాన నీరు అందులోకి దిగుతుంది. గడ్డకట్టినప్పుడు పడే పగులు కంటికి ఆనదు. తరువాతి వేసవిలో గట్టి గాలికి కొయ్య కూలినప్పుడు తెలిసే పగులు అది. డెక్ గుండా దిగి పడవ అడుగున ఆనే కొయ్యను నిలిపే ఉంచితే మరో చిక్కు ఉంది. తాళ్లు దూరే రంధ్రాల ద్వారా వాన నీరు కొయ్య లోపలి నుంచే కిందికి పారి, అడుగు గుంటలో చేరుతుంది. వీలున్నంతవరకు కొయ్యను దించి పడుకోబెట్టడమే ఉత్తమమని నా అభిప్రాయం.

ఇక పైకప్పు. యజమానులు ఎక్కువ ఖర్చు పెట్టేదీ, ఎక్కువ పొరపడేదీ దీని దగ్గరే. 30 అడుగుల పడవ డెక్ వైశాల్యం సుమారు 20 చదరపు మీటర్లు అనుకుందాం. దాని మీద 30 సెంటీమీటర్ల కొత్త మంచు పడితే, ఘనపు మీటరుకు 100 కిలోల చొప్పున, బరువు 600 కిలోలు. అదే మంచు అణిగి, తడిసి, ఘనపు మీటరుకు 300 కిలోలైతే అంతే మందానికి బరువు 1,800 కిలోలు. మిషిగన్ రాష్ట్రంలోని కీవినా ద్వీపకల్పంలో 1978–79 శీతకాలంలో మొత్తం 9.9 మీటర్ల మంచు కురిసింది. చదునుగా పరిచిన టార్పాలిన్ ఏదీ దీనికి ఆగదు. మొదట ఒక చోట కుంగుతుంది, ఆ గుంటలో నీరు నిలుస్తుంది, ఆ బరువుకు గుంట మరింత లోతవుతుంది. కప్పు నాణ్యత కన్నా దాని కింద కట్టే చట్రం ముఖ్యం. ముందు నుంచి వెనక దాకా ఒక దూలం, దానికి రెండు పక్కలా సుమారు 45 డిగ్రీల వాలు ఉంటే మంచు తనంతట తానే జారిపోతుంది.

కప్పు గాలికి కొట్టుకోకూడదు. వదులుగా ఉన్న టార్పాలిన్ నెలల తరబడి రాసుకుంటూ ఫైబర్‌గ్లాస్ మెరుపు పొరను అరగదీస్తుంది. పాలిథీన్ పలకను వేడి చేసి పడవ చుట్టూ బిగుతుగా ముడుచుకునేలా చేసే ష్రింక్‌రాప్‌కు ఆ లోపం లేదు, కానీ అది గాలిని ఆపేస్తుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట నిషేధ కాలంలో ఒడ్డున ఉండే ఫైబర్ పడవలకు ఎండ నుంచి కాపు కావాలి. మహాసరస్సుల పడవలకు మంచు నుంచి కాపు కావాలి, దానితోపాటు గాలి కూడా ఆడాలి. 20 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి 17 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. సున్నా వద్ద 5 గ్రాముల లోపే. పగటి ఎండకు కప్పు కింద వెచ్చబడిన గాలి రాత్రి చల్లబడగానే మిగిలిన ఆవిరంతా కప్పు లోపలి వైపు, గోడల మీద, పరుపుల మీద నీరై దిగుతుంది. ఎండాకాలపు మొదటి వెచ్చదనానికి అదే బూజవుతుంది. కాబట్టి కప్పుకు ముందు వెనక గాలి మార్గాలు ఉంచాలి. లోపలి అరల తలుపులు తెరవాలి, పరుపులను నిలబెట్టాలి. బిగుతుగా మూసిన ఖరీదైన కప్పు కంటే గాలి ఆడే సాధారణ కాన్వాసు మేలని నేను నిస్సంకోచంగా చెబుతాను.

కప్పు తాళ్లను పడవ పక్కన నిలిపిన స్టాండ్లకు ఎన్నడూ కట్టకూడదు. ఒడ్డున పడవ బరువులో అధికభాగం అడుగున ఉన్న కీల్ మీద, దాని కింది దుంగల మీద ఉంటుంది. స్టాండ్లు పడవ పక్కకు ఒరగకుండా ఆపేవి మాత్రమే. గాలికి కప్పు తెరచాపలా ఉబ్బి తాడును లాగితే స్టాండు ఊడి వస్తుంది, పడవ పక్క పడవ మీద పడుతుంది. ఎదురెదురు స్టాండ్లను గొలుసుతో కలపడం తప్పనిసరి.

బ్యాటరీ విషయం క్లుప్తంగా. పూర్తిగా ఛార్జి అయిన సీసపు బ్యాటరీలోని ఆమ్లం మైనస్ 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు. ఖాళీ అయిన బ్యాటరీ మైనస్ 10 దరిదాపుల్లోనే గడ్డకట్టి పగులుతుంది. లిథియం బ్యాటరీని సున్నాకు దిగువన ఛార్జి చేయకూడదు, కాబట్టి సోలార్ పలకను దాని నుంచి విడదీయాలి. తెరచాపలను కడిగి, ఆరబెట్టి, ఇంటికి తెచ్చుకోవాలి.

అన్నిటికంటే కఠినమైన నెల జనవరి కాదు, మార్చి. జనవరిలో గడ్డకట్టినది అలాగే ఉంటుంది. మార్చిలో పగలు కరుగుతుంది, రాత్రి గడ్డకడుతుంది. ప్రతి కరుగుదలలో నీరు డెక్‌లోని సన్నని పగుళ్లలో మరికాస్త లోపలికి దిగుతుంది, గడ్డకట్టిన ప్రతిసారీ ఆ పగులు మరికాస్త విచ్చుకుంటుంది. డెక్ పొరల మధ్య బాల్సా చెక్క ఉన్న పాత పడవలు ఇలాగే లోలోపల కుళ్లుతాయి. డెట్రాయిట్, షికాగో, టొరంటో పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారిలో తెరచాప పడవ ఉన్నవారికి నా విన్నపం ఇదే: అక్టోబరులో కప్పేసి మే దాకా మరచిపోకండి. మార్చి మొదటి వారంలో ఒక పూట యార్డుకు వెళ్లండి. నిలిచిన మంచును మెత్తని చీపురుతో దించండి, స్టాండ్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి, పడవ అడుగు గుంటలో నీరుంటే తోడేయండి, గాలి మార్గాలకు అడ్డుపడిన మంచును తొలగించండి.