ఇంజను ఐడ్లింగ్ – ఓమ్ నియమం

రైల్వే గేటు వద్ద వాహనాలు బారులు తీరి నిలిచి ఉన్నాయనుకొందాం. వాటిలో ఇరవై ఏళ్ళు దాటిన పెట్రోలు కారు ఒకటి ఉన్నది. డ్రైవరు యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీయగానే ఇంజను రెండు మూడు పర్యాయాలు వణికి ఆగిపోతుంది. తాళం తిప్పితే మళ్ళీ బయలుదేరుతుంది. కాలు తీస్తే మళ్ళీ ఆగుతుంది. ఇది కేవలం చికాకు కలిగించే విషయం కాదు. కారు కదులుతూ ఉండగా ఇంజను ఆగితే బ్రేకులకూ, పవర్ స్టీరింగుకూ ఇంజను వలన అందే సహాయం తగ్గిపోతుంది. కనుక ఇది ప్రమాదహేతువు కూడా.

ఇటువంటి కారును బాగుచేయడంలో సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. ఏది చెడిందో తేల్చుకోకుండానే ఒకదాని తరువాత ఒకటిగా భాగాలను మారుస్తారు. డబ్బు ఖర్చవుతుంది; రోగం మాత్రం అలాగే ఉంటుంది. ఉన్నత పాఠశాలలో నేర్చుకొనే ఓమ్ నియమాన్ని సరిగా ఉపయోగించుకొంటే ఈ వృథా వ్యయాన్ని చాలవరకు తప్పించుకోవచ్చును.

ఐడ్లింగ్ అంటే ఏమిటి?

కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజను తన రాపిడిని తాను అధిగమిస్తూ, ఆల్టర్నేటరు వంటి వాటిని తిప్పుతూ నెమ్మదిగా తిరగడాన్నే ఐడ్లింగ్ అంటారు. సాధారణంగా పెట్రోలు కార్లలో ఈ వేగం నిమిషానికి 700 నుంచి 900 చుట్లు ఉంటుంది. హెడ్‌లైట్లు వేసినా, ఎయిర్ కండిషనర్ నడిపినా ఇంజను మీద భారం పెరుగుతుంది. భారం పెరిగినప్పుడు కొంచెం ఎక్కువ గాలి, దానికి తగిన ఇంధనం అందకపోతే వేగం పడిపోతుంది.

వేగాన్ని నిలకడగా ఉంచే సమస్య కొత్తది కాదు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి తిరిగే గుండ్లతో కూడిన గవర్నరును అమర్చాడు. వేగం పెరిగితే గుండ్లు దూరంగా జరిగి ఆవిరిని తగ్గించేవి; వేగం తగ్గితే దగ్గరకు చేరి ఆవిరిని పెంచేవి. ఇటువంటి సాధనాల గణితాన్ని 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ వివరించాడు. నేటి కారులో గుండ్ల స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించింది. సూత్రం మాత్రం అదే.

కార్బురేటరు ఉన్న కార్లలో ఒక మరను తిప్పి ఐడ్లింగును సరిచేసేవారు. మన దేశంలో 2000 సంవత్సరం ప్రాంతంలో పొగ నిబంధనలు కట్టుదిట్టం కావడంతో కార్బురేటరు పోయి ఇంధన ఇంజెక్షను పద్ధతి వ్యాపించింది. అటువంటి అనేక కార్లలో థ్రాటిల్ పళ్ళెం మూసి ఉన్నప్పుడు, దానిని చుట్టి పోయే చిన్న దారి గుండా గాలి లోపలికి వెళుతుంది. ఆ దారిని తెరిచి మూసేది ఐడ్లింగ్ కవాటం. కొన్ని కార్లలో దీనిని రెండు తీగలున్న విద్యుదయస్కాంతం నడుపుతుంది. మరికొన్నింటిలో నాలుగు తీగలున్న స్టెప్పర్ మోటారు నడుపుతుంది.

ముందు చూడవలసినవి

ఐడ్లింగ్ తప్పిన ప్రతిసారీ దోషం విద్యుత్తుదే కానక్కరలేదు. గాలిదారిలో మసి పేరుకొంటే చాలినంత గాలి అందదు. రబ్బరు గొట్టం పగిలితే అదనపు గాలి జొరబడి వేగం పెరగవచ్చును. ముందుగా వీటిని పరీక్షించాలి.

కారులోని కంప్యూటరు దోషసంకేతాలను ఇచ్చేదైతే వాటిని చదవడం మేలు. పి 0506 అనే సంకేతానికి ఐడ్లింగ్ వేగం ఉండవలసిన దానికంటె తక్కువగా ఉన్నదనీ, పి 0507కు ఎక్కువగా ఉన్నదనీ అర్థం. ఇవి రోగలక్షణాన్ని తెలుపుతాయే కాని రోగకారణాన్ని తెలుపవు. జ్వరం ఉన్నదని థర్మామీటరు చెబుతుంది. అది మలేరియానో టైఫాయిడో చెప్పదు. అదేవిధంగా పి 0506 కనిపించినంత మాత్రాన కవాటమే చెడిందని తీర్మానించరాదు.

తీగచుట్టను పరీక్షించడం

కారు తాళం తీసి, కవాటం కనెక్టరును విడదీసిన పిమ్మట తీగచుట్ట నిరోధాన్ని కొలవాలి. స్టెప్పర్ మోటారులో రెండు చుట్టలుంటే వాటి నిరోధాలు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి తెగినట్లు కనిపించి రెండవది బాగుంటే, కంపెనీ పుస్తకం చేతిలో లేకపోయినా దోషం బయటపడినట్లే.

వేడిని కూడా గమనించాలి. రాగి నిరోధం ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 10 ఓములున్న చుట్ట 80 డిగ్రీల వద్ద సుమారు 12.3 ఓములు చూపుతుంది. ఇది దోషం కాదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కగానే పూర్తిగా తెగినట్లు చూపితే మాత్రం అది దోషమే.

మీటరు ఎలా మోసం చేస్తుంది?

చుట్ట బాగున్నదనుకొందాం. ఇక దానికి విద్యుత్తు అందుతున్నదా అనేది చూడాలి. మెకానిక్ విడదీసిన కనెక్టరులో మల్టీమీటరు పెడతాడు. 12 వోల్టులు కనిపిస్తాయి. “తీగ బాగానే ఉన్నది, కవాటమే పోయింది” అంటాడు. పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఆ తీగలో ఎక్కడో ఒక కీలు చిలుము పట్టి 1,000 ఓముల నిరోధం ఏర్పడిందనుకొందాం. సాధారణ డిజిటల్ మల్టీమీటరు అంతర్నిరోధం సుమారు కోటి ఓములు. కనుక వలయంలో ప్రవహించేది సుమారు ఒక మైక్రో ఆంపియరు మాత్రమే. ఆ కీలు వద్ద తగ్గే వోల్టేజి 0.0012 వోల్టు. మీటరు దాదాపు పూర్తి 12 వోల్టులనే చూపుతుంది. కాని దాని స్థానంలో 10 ఓముల చుట్టను కలిపితే మొత్తం నిరోధం 1,010 ఓములు అవుతుంది. చుట్టకు దక్కేది 0.12 వోల్టు మాత్రమే! ప్రవాహం లేనిచోట నిరోధం దాగి ఉంటుంది. పని చేయించినప్పుడే అది బయటపడుతుంది.

అందువలన రెండు తీగల కవాటమైతే, దానికి బ్యాటరీ విద్యుత్తును తెచ్చే తీగకూ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య 12 వోల్టుల, 21 వాట్ల దీపాన్ని కలిపి, తాళం ఆన్ చేసి చూడాలి. ఆ దీపం సుమారు 1.75 ఆంపియర్లు తీసుకొంటుంది. అది కాంతివంతంగా వెలిగితే తీగ బాగున్నట్లే. మసకబారినా, వెలగకున్నా దోషం తీగలోనో, కీలులోనో, ఫ్యూజు, రిలే వద్దనో ఉన్నది. ఈ దీపాన్ని కంప్యూటరు నుంచి వచ్చే నియంత్రణ తీగకు ఎన్నడూ కలపరాదు. అంత ప్రవాహానికి కంప్యూటరు చెడిపోవచ్చును. స్టెప్పర్ మోటారు తీగలు నేరుగా కంప్యూటరు నుంచే రావచ్చును గనుక వాటికి ఈ పరీక్ష తగదు.

ఎర్తు తీగ

పాత కార్లలో తరచు ఉపేక్షకు గురయ్యేది ఇంజనుకూ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య ఉండే ఎర్తు మార్గం. సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలికి దీని కొసలు త్వరగా తుప్పు పడతాయి. అందులో 0.1 ఓము నిరోధం ఏర్పడినా సాధారణ మీటరు దానిని నమ్మకంగా కొలవలేదు; మీటరు తీగల నిరోధమే అంతకంటె ఎక్కువ ఉండవచ్చును. కాని ఆ మార్గంలో 10 ఆంపియర్లు ప్రవహిస్తే 0.1 × 10 = 1 వోల్టు తేడా వస్తుంది. దానిని ఏ మీటరైనా చూపుతుంది. కంప్యూటరు దృష్టిలో సున్న అనదగిన స్థానమే ఒక వోల్టు జరిగితే సెన్సారుల కొలతలు తప్పిపోతాయి. లైట్లు వేసినప్పుడో, ఫ్యాను తిరిగినప్పుడో మాత్రమే ఐడ్లింగ్ చెడితే ఈ మార్గాన్ని అనుమానించాలి. ఇంజను నడుస్తూ, లైట్లు వెలుగుతూ ఉండగా ఇంజను లోహానికీ బ్యాటరీ రుణధ్రువానికీ మధ్య వోల్టేజి కొలవాలి. చేతులు, బట్టలు బెల్టులకు దూరంగా ఉంచుకోవడం మరువరాదు.

తరగతిలో ఒక ప్రయోగం

దీనిని కారు లేకుండానే విద్యార్థులకు చూపవచ్చును. నాలుగు టార్చి సెల్లులను శ్రేణిలో కలిపి, వాటికి 1,000 ఓముల నిరోధకాన్ని చేర్చాలి. చివరి కొసల వద్ద మల్టీమీటరు సుమారు 6 వోల్టులు చూపుతుంది. ఆ కొసలకు 6 వోల్టుల టార్చి బల్బును కలిపితే అది వెలగదు. మీటరు ముల్లో, అంకెలో సున్న దగ్గరకు పడిపోతుంది. నిరోధకాన్ని తీసివేస్తే బల్బు వెలుగుతుంది. “6 వోల్టులు ఉన్నాయి కదా, బల్బు ఎందుకు వెలగలేదు?” అని ముందుగా విద్యార్థులనే అడగాలి. సరియైన జవాబు చెప్పగలిగిన విద్యార్థి, రైల్వే గేటు వద్ద ఆగిన ఆ కారులో కవాటాన్ని మార్చడానికి ముందు కనెక్టరు చిలుమును గోకి చూడాలని కూడా చెప్పగలడు.