చిరునామా కోసం ఏడున్నరేళ్లు

జూబా నగరంలోని ఓ కూడలిలో ఎలక్ట్రానిక్ గడియారం ఒకటి రోజుల్ని వెనక్కి లెక్కపెడుతూ ఉండేది. 2011 జులై 8 అర్ధరాత్రి దాటగానే దానిమీద 'ఎట్టకేలకు స్వేచ్ఛ' అన్న మాటలు వెలిగాయి. జనం డప్పులు కొట్టుకుంటూ, కార్ల హారన్లు మోగిస్తూ రోడ్ల మీదికి వచ్చేశారు. తెల్లవారాక తిరుగుబాటు నేత జాన్ గరాంగ్ సమాధి దగ్గర వేలాదిమంది చూస్తుండగా సూడాన్ జెండా దిగింది, దక్షిణ సూడాన్ జెండా ఎగిరింది. సల్వా కీర్ తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. మన దేశం తరఫున అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ ఆ వేడుకకు వెళ్లారు. దశాబ్దాల అంతర్యుద్ధం, లక్షల ప్రాణాలు, 98 శాతానికి పైగా 'విడిపోతాం' అని చెప్పిన రిఫరెండం... ఇంత దాటుకుని పుట్టిన దేశమది.

ఆ తర్వాత పనులు చకచకా జరిగిపోయాయి. జులై 14న ఐక్యరాజ్యసమితిలో 193వ సభ్యదేశంగా చేరింది. అంతర్జాతీయ ఫోన్ కోడ్ 211 ఖరారైంది. 18న సొంత పౌండు నోట్లు చేతుల్లోకి వచ్చాయి. జెండా, జాతీయగీతం, నోట్లు, ఫోన్ కోడ్... నెల తిరక్కుండా అన్నీ అమరాయి.

ఒక్కటి మాత్రం అమరలేదు. ఇంటర్నెట్ చిరునామా చివర ఉండే రెండక్షరాలు. మనకు డాట్ ఇన్ ఉన్నట్టు, బ్రిటన్‌కు డాట్ యూకే ఉన్నట్టు దక్షిణ సూడాన్‌కూ ఒక డొమైన్ ఉండాలి కదా! అది ఇంటర్నెట్‌లో వెలిగింది 2019 ఫిబ్రవరి 2న. అంటే దేశం పుట్టిన ఏడున్నరేళ్లకు.

ఇచ్చేదెవరు?

దేశాలకు డొమైన్లు అమెరికా పంచుతుందనుకునేవారు కొందరు, ఐరాస ఇస్తుందనుకునేవారు కొందరు. రెండూ పూర్తి నిజం కావు. మనింట్లో బిడ్డ పుడితే ముందు ఆస్పత్రి కాగితం ఇస్తారు. దాన్ని చూపిస్తే జనన ధ్రువపత్రం, అది చూపిస్తే ఆధార్. ఒక్కో కాగితం ముందరి కాగితాన్ని నమ్ముతుంది. దేశం డొమైనూ అచ్చం అలాగే చేతులు మారుతూ వస్తుంది.

ఈ వరసను ఏర్పరిచిన మనిషి జాన్ పోస్టెల్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధన సంస్థలో పనిచేసే కంప్యూటర్ శాస్త్రవేత్త. 1980ల్లో ఇంటర్నెట్ పేర్ల పట్టిక చూసుకునే బాధ్యత ఆయనదే. డాట్ కామ్, డాట్ ఆర్గ్ లాంటివి సరే, దేశాలకు పేర్లు పెట్టాల్సి వచ్చినప్పుడు అసలు చిక్కు ఎదురైంది. ఏది దేశం, ఏది కాదు? తైవాన్ సంగతేంటి, పాలస్తీనా మాటేంటి? ప్రపంచ దౌత్యవేత్తలే తేల్చలేని లెక్కను నెట్‌వర్క్ ఇంజినీర్లు తేల్చగలరా?

పోస్టెల్ బృందం ఆ జోలికే వెళ్లలేదు. జెనీవాలోని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ 1974లోనే దేశాలకూ, ప్రత్యేక భూభాగాలకూ రెండేసి అక్షరాల సంకేతాలు ప్రకటించింది. ఐఎస్‌ఓ 3166 అని దాని పేరు. ఉన్నదాన్నే తీసుకున్నారు. 1994 మార్చిలో పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 1591 అన్న పత్రంలో ఆ సంగతి కుండబద్దలు కొట్టినట్టు ఉంటుంది: ఏది దేశమో నిర్ణయించడం తమ పని కాదు, ఆ జాబితాలో చేర్చడానికి ఐఎస్‌ఓకి ఒక పద్ధతి ఉంది కాబట్టే దాన్ని ఎంచుకున్నాం అని. ఇంటర్నెట్ చరిత్రలో ఇంత ముందుచూపున్న నిర్ణయాలు చాలా తక్కువనే చెప్పాలి. ఆ ఒక్క మాటే లేకపోతే ప్రతి సరిహద్దు తగాదా వచ్చి సర్వర్ల గదిలో పడేది.

ఐఎస్‌ఓ కూడా సొంతంగా తీర్పు చెప్పదు. ఐరాస ప్రచురించే దేశాల పేర్ల జాబితాలోనో, ఐరాస గణాంక విభాగం వాడే సంకేతాల పట్టికలోనో పేరుందా అని చూస్తుంది. ఉంటే రెండక్షరాలు కేటాయిస్తుంది. అంటే ఇంటర్నెట్‌లో ఒక దేశం ఉనికికి తొలి మెట్టు ఐరాస గుమాస్తాల బల్ల మీదుండే జాబితా అన్నమాట.

ఎస్‌ఎస్ వద్దంటారేమో!

దక్షిణ సూడాన్‌కు అక్షరాల ఎంపికే ఓ పరీక్ష. ఎస్‌డీ సూడాన్ దగ్గరుంది. ఎస్‌ఓ సోమాలియాది, ఎస్‌ఎన్ సెనెగల్‌ది, ఎస్‌ఏ సౌదీ అరేబియాది. ఎస్‌యూ సోవియట్ యూనియన్‌ది. ఆ దేశం 1991లోనే అంతరించినా డాట్ ఎస్‌యూ ఇంకా నడుస్తూనే ఉంది. చక్కగా నప్పేది ఎస్‌ఎస్. కానీ యూరప్‌లో ఆ రెండక్షరాలు చూస్తే హిట్లర్ నాజీ దళం గుర్తొస్తుంది. ఆ కారణంగా కాదంటారేమోనని జూబాలో టెలికాం అధికారులు అప్పట్లో పైకే ఆందోళన చెప్పుకున్నారు. ఎప్పుడో, ఎక్కడో, ఎవరో చేసిన ఘోరాల నీడ తమ పేరు మీద పడుతుందేమోనని ఆఫ్రికాలో కొత్తగా కళ్లు తెరిచిన దేశం భయపడాల్సి రావడం మనసుకు కష్టమనిపిస్తుంది. అదృష్టం, ఎవరూ కాదనలేదు. 2011 ఆగస్టులోనే ఐఎస్‌ఓ జాబితాలో ఎస్‌ఎస్ చేరింది.

మరి ఏడున్నరేళ్లు ఎందుకు పట్టింది?

సంకేతం వేరు, డొమైన్ వేరు. సంకేతం వచ్చిందంటే స్థలం పట్టా చేతికి వచ్చినట్టు. ఇల్లు కట్టుకోవాల్సింది మనమే. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థలో ఐయానా అనే విభాగం ఉంది. దానికి అర్జీ పెట్టాలి. డొమైన్‌ను నడిపే సంస్థ ఏది? అది ఆ దేశంలోనే ఉందా? ప్రభుత్వం ఒప్పుకుంటోందా? స్థానికంగా ఇంటర్నెట్ వాడేవాళ్లు, సంస్థలు, విద్యాలయాలు దాన్ని సమర్థిస్తున్నాయా? రాత్రీ పగలూ ఆగకుండా పనిచేసే నేమ్ సర్వర్లు కనీసం రెండు, వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయా? వాటిని చూసుకునే సాంకేతిక సిబ్బంది ఉన్నారా? వీటన్నిటికీ కాగితం మీద జవాబులు, సర్వర్ల మీద రుజువులు కావాలి.

కరెంటే సరిగా లేని రాజధానిలో ఇది చిన్న పని కాదు. దానికితోడు 2013 డిసెంబరులో దేశం మళ్లీ అంతర్యుద్ధంలో కూరుకుపోయింది. సల్వా కీర్ వర్గానికీ, మాజీ ఉపాధ్యక్షుడు రియెక్ మచార్ వర్గానికీ మధ్య మొదలైన పోరు లక్షలమందిని ఇళ్లొదిలి పారిపోయేలా చేసింది. కొత్త శాంతి ఒప్పందం కుదిరేసరికి 2018 సెప్టెంబరు. ఆ మరుసటి ఏడాది జనవరి 27న ఐకాన్ బోర్డు ఆమోదముద్ర వేసింది. దక్షిణ సూడాన్ జాతీయ కమ్యూనికేషన్ అథారిటీకి డాట్ ఎస్‌ఎస్ బాధ్యత దక్కింది. మరో వారంలోపే, ఫిబ్రవరి 2న, ఆ రెండక్షరాలు రూట్ ఫైలులోకి ఎక్కాయి.

ఈ రూట్ ఫైలును కాస్త దగ్గరగా చూడాలి. ప్రపంచంలోని డొమైన్ల చివరి పేర్లన్నీ అందులోనే ఉంటాయి. ఇంతాచేసి అది మామూలు టెక్స్ట్ ఫైలు, మన ఫోన్లో తీసిన ఒక ఫొటో అంత సైజు కూడా ఉండదు. డాట్ కామ్‌కూ, డాట్ ఇన్‌కూ, ఎవరికైనా అందులో కొన్ని వరుసలే: ఈ పేరు గురించి ఫలానా సర్వర్లను అడగండి అని. ఏ నుంచి ఎమ్ వరకు అక్షరాలతో పిలిచే 13 రూట్ సర్వర్లు, ప్రపంచమంతటా వెయ్యికి పైగా చోట్ల ఉన్న వాటి నకళ్లు ఆ ఫైలు చూసే జవాబిస్తాయి. 2016 అక్టోబరు దాకా దాంట్లో ఒక్క వరుస మార్చాలన్నా అమెరికా వాణిజ్యశాఖ అనుమతి ఉండాల్సిందే. ఆ తర్వాతే ఆ అజమాయిషీ పోయింది.

2011 ఆగస్టు నుంచి 2019 ఫిబ్రవరి దాకా ఎవరైనా డాట్ ఎస్‌ఎస్ చిరునామా కొట్టి ఉంటే రూట్ సర్వర్లు చెప్పే జవాబు ఒక్కటే: ఆ పేరుతో ఏదీ లేదు. ఐరాసలో కుర్చీ ఉంది, ఇంటర్నెట్‌లో లేదు.

దీనివల్ల కొంపలేం మునిగాయి, డాట్ కామ్ వాడుకోవచ్చుగా అనిపించవచ్చు. వాడుకోవచ్చు. కానీ యుద్ధం జరుగుతున్న దేశంలో మంత్రిత్వశాఖ నుంచి వచ్చిన మెయిల్ అసలుదో నకిలీదో ఎలా పోల్చుకోవాలి? ఉచిత మెయిల్ ఖాతా ఎవరైనా తెరుస్తారు, డాట్ కామ్ పేరు ఎవరైనా కొంటారు. మన గవ్ డాట్ ఇన్ ఎవరికి పడితే వారికి ఇవ్వరు కాబట్టే దానికి ఆ విలువ. పరీక్షా ఫలితాలు చూసుకునేటప్పుడు మనమూ ముందు చూసేది ఆ చివరి అక్షరాలనే.

దేశం కంటే ముందే డొమైన్

దక్షిణ సూడాన్ కథకు పూర్తిగా తిరగేసిన కథ తూర్పు తిమోర్‌ది. ఒకప్పటి పోర్చుగీసు వలస. 1975లో ఇండొనేసియా ఆక్రమించింది, మరుసటి ఏడాది తనలో కలిపేసుకుంది. ఐరాస ఆ కలపడాన్ని ఒప్పుకోలేదు. అందుకే ఐఎస్‌ఓ జాబితాలో పాత సంకేతం టీపీ అలాగే ఉండిపోయింది. నేల మీద దేశం లేదు, జాబితాలో మాత్రం ఉంది.

1997లో డబ్లిన్‌కు చెందిన కనెక్ట్ ఐర్లండ్ అనే చిన్న ఇంటర్నెట్ కంపెనీ దీన్ని కనిపెట్టి డాట్ టీపీని మొదలుపెట్టింది. నోబెల్ శాంతి బహుమతి పొందిన జోసె రామోస్ హోర్తా లాంటి నేతల అండ దానికుంది. ప్రతిఘటన నాయకుడు షనానా గుస్మావ్ అప్పటికి జకార్తాలోని సిపినాంగ్ జైల్లో ఉన్నారు. సొంత గడ్డ మీద సొంత జెండా ఎగరేస్తే జైలుకు పంపే రోజుల్లో, వేల మైళ్ల దూరంలో ఐరిష్ సర్వర్ మీద తిమోర్ పేరు ఎగిరింది. 1999 జనవరిలో ఆ సర్వర్ల మీద ఒకేసారి పలుచోట్ల నుంచి దాడి జరిగింది. కంపెనీ తన వ్యవస్థనంతా కొన్నాళ్లు ఆపుకోవాల్సి వచ్చింది. కంపెనీ వేలు ఇండొనేసియా వైపు చూపింది. తమకు సంబంధం లేదని ఆ ప్రభుత్వం అంది.

అదే ఏడాది ఆగస్టు 30న తిమోర్ ప్రజలు స్వాతంత్ర్యానికి ఓటేశారు. 2002 మే 20న 'తిమోర్ లెస్తె' అన్న పేరుతో దేశం ఏర్పడింది. జైలు నుంచి వచ్చిన గుస్మావ్ అధ్యక్షుడయ్యారు. పేరు మారింది కాబట్టి సంకేతం టీఎల్ అయింది. 2005లో డాట్ టీఎల్ వచ్చింది. పోరాట కాలపు డాట్ టీపీని 2015లో రూట్ ఫైలు నుంచి తీసేశారు. పద్ధతి ప్రకారం అది సరే. కానీ ఒక జాతి చీకటి రోజుల్లో దీపంలా పట్టుకున్న పేరది. ఏదో ఒక రూపంలో దాచుకోవలసింది.

యుగోస్లావియా ముక్కలైనప్పుడు ఇంతకంటే చేదు అనుభవాలు ఎదురయ్యాయి. డాట్ వైయూ నిర్వహణ స్లొవేనియా రాజధాని లుబ్లియానాలోని పరిశోధన సంస్థలో ఉండేది. స్లొవేనియా విడిపోయి డాట్ ఎస్ఐ తెచ్చుకున్నాక కూడా డాట్ వైయూ అక్కడే ఉండిపోయింది. యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్ చేతికి అది 1994లో గానీ రాలేదు. 2010 మార్చిలో దాన్ని పూర్తిగా మూసేశారు. దాంతోపాటే 1990ల యుద్ధకాలంలో జనం రాసుకున్న వెబ్‌పేజీలెన్నో కనుమరుగయ్యాయి.

2006లో 55.5 శాతం ఓట్లతో, అంటే విడిపోవడానికి కావలసిన 55 శాతం గీతను అర శాతంతో దాటి, సెర్బియా నుంచి విడిపోయిన మాంటెనిగ్రోకు మాత్రం కలిసొచ్చింది. దానికి దక్కిన సంకేతం ఎమ్ఈ. ఇంగ్లిషులో చదివితే 'మీ'! ప్రపంచమంతా ఎగబడి కొంది. మన పిల్లలు రోజూ నొక్కే టెలిగ్రామ్ గ్రూపు లింకుల చివర ఉండేది ఆ ఆరు లక్షల జనాభా దేశపు డొమైనే.

దేశముంది, అక్షరాలు లేవు

కొసావోకు ఆ అదృష్టం లేదు. 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. చాలా దేశాలు గుర్తించాయి. సెర్బియా, రష్యా, చైనా గుర్తించలేదు, మన దేశమూ గుర్తించలేదు. ఒలింపిక్ సంఘం చేర్చుకుంది. 2016లో రియోలో జూడో క్రీడాకారిణి మైలిండా కెల్మెండి ఆ దేశానికి తొలి పతకం, అదీ స్వర్ణం, తెచ్చింది. అదే ఏడాది డిసెంబరులో 383 అన్న ఫోన్ కోడ్ కూడా వచ్చింది. ఐరాస జాబితాల్లో మాత్రం పేరెక్కలేదు. కాబట్టి ఐఎస్‌ఓ సంకేతం లేదు, సంకేతం లేదు కాబట్టి డొమైన్ లేదు. ఎక్స్‌కే అన్న తాత్కాలిక సంకేతాన్ని యూరోపియన్ యూనియన్ లాంటివి వాడుతున్నాయి గానీ, ఎక్స్‌తో మొదలయ్యే సంకేతాలను ఐఎస్‌ఓ ఏ దేశానికీ ఇవ్వదు. అందుకే కొసావో ప్రభుత్వ వెబ్‌సైట్లు ఏళ్లుగా 'ఆర్‌కేఎస్-గవ్ డాట్ నెట్' అన్న కొన్న పేరు మీదే నడుస్తూ వచ్చాయి.

పాలస్తీనాకూ ఐరాసలో పూర్తి సభ్యత్వం లేదు. అయినా ఐరాస గణాంకాల పట్టికలో ఆ భూభాగం పేరుంది కాబట్టి 1999లో పీఎస్ అన్న సంకేతం వచ్చింది. మరుసటి ఏడాదే డాట్ పీఎస్ వచ్చింది. తేడా అంతా ఆ ఒక్క పట్టికలోనే. పోస్టెల్ పద్ధతిని మెచ్చుకుంటూనే దాని బరువు మోస్తున్నది కొసావో లాంటి దేశాలని కూడా చెప్పుకోవాలి.

ఇప్పుడు వరుసలో తర్వాత ఉన్నది బూగన్‌విల్. పపువా న్యూగినీలో భాగమైన ఈ దీవుల ప్రజలు 2019 రిఫరెండంలో దాదాపు 98 శాతం స్వాతంత్ర్యమే కావాలన్నారు. 2027 సెప్టెంబరు 1న స్వతంత్ర దేశం కావాలని అక్కడి నేతలు తేదీ పెట్టుకున్నారు. పపువా న్యూగినీ పార్లమెంటు సమ్మతి ఇంకా కావాలి. అది దక్కి, ఐరాస జాబితాలో పేరెక్కితే అక్షరాల సంగతి ఐఎస్‌ఓ చూసుకుంటుంది. బీఓ బొలీవియాది, బీజీ బల్గేరియాది, మరేదో రెండు దొరుకుతాయి. ఆ అక్షరాలను నడిపే ఇంజినీర్లను మాత్రం ఎవరూ కేటాయించరు. వాళ్లను బూగన్‌విల్ ఇప్పుడే, స్వాతంత్ర్యం రాకముందే, చదివించి సిద్ధం చేసుకోవాలి.