అద్దాల ఇల్లు... అమ్మ ఇల్లు

మొన్నామధ్య మా ఆడపడుచు కట్టుకున్న కొత్తింటికి వెళ్ళాను. ఓపెన్ కిచెన్ పెట్టించుకుంది. హాల్లో కూర్చుంటే పొయ్యి, సింకు, అంట్ల గిన్నెలు అన్నీ దర్శనమిస్తాయి. "చూడ్డానికి బాగానే ఉంది వదినా. కానీ ఎవరైనా వస్తున్నారంటే చాలు, ముందు సింకు ఖాళీ చెయ్యాలి. కాఫీ సంగతి తర్వాత" అంది నవ్వుతూనే.

ఆ మాట వినగానే నాకు ఈడిత్ ఫార్న్స్‌వర్త్ అనే అమెరికా డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఆవిడ సంగతి నాకెలా తెలుసంటారా? కథలు రాస్తాను కాబట్టి అప్పుడప్పుడూ సాహిత్య సభలకు వెళ్తుంటాను. అక్కడ 'పోస్ట్ మోడర్నిజం' అన్న మాట వినబడినప్పుడల్లా తల ఊపి ఊరుకునేదాన్ని. తీరా పుస్తకాలు తిరగేస్తే, ఆ మాట జనంలోకి బాగా వెళ్ళింది ఇళ్ళూ, భవనాల వల్లనేనట! ఇళ్ళ గురించైతే మనకు తెలియందేముంది?

అలంకారం నేరమా?

ముందు మోడర్నిజం సంగతి చూద్దాం. ఒకప్పుడు యూరప్‌లో ఇంటి గోడలకే కాదు, కుర్చీలకూ, చెంచాలకూ కూడా లతలూ పువ్వులూ చెక్కేవారు. ఇనుము, గాజు, కాంక్రీటు వాడకం పెరిగాక కొత్త తరం ఆర్కిటెక్టులకు ఇదంతా దండగ అనిపించింది. వియన్నాలో అడాల్ఫ్ లూస్ అనే ఆయన అలంకారాన్ని ఏకంగా నేరంతో పోల్చాడు. తర్వాత మన చండీగఢ్‌కు రూపకల్పన చేసిన లె కార్బూజియే, ఇల్లంటే నివసించడానికి పనికొచ్చే యంత్రమని 1923లో రాశాడు.

వాళ్ళ ఉద్దేశం చెడ్డదేం కాదు. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో బతికే కార్మికులకు శుభ్రమైన ఇళ్ళు కట్టాలన్నది వాళ్ళలో చాలామంది ఆశయం. 1926లో మార్గరెట్ షూటె లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్టు, ఇల్లాలు వంటింట్లో ఎన్ని అడుగులు వేస్తుందో గమనించి, అన్నీ చేతికందేలా ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని ఇళ్ళకు ఓ చిన్న వంటగది తయారుచేసింది. అలాంటివి దాదాపు 10 వేలు కట్టారు. ఇప్పుడు మనం మోజుపడే మాడ్యులర్ కిచెన్‌కు అదే అమ్మమ్మ.

చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, రాన్రానూ ఇంట్లో ఉండే మనిషి కన్నా ఇంటి అందమే ముఖ్యమైపోయింది.

చెత్తబుట్ట ఎక్కడ పెట్టుకోను?

ఈడిత్ చికాగోలో మూత్రపిండాల వైద్యురాలు. ఒంటరి మనిషి. శని ఆదివారాలు ప్రశాంతంగా గడపడానికి ఊరికి దూరంగా ఫాక్స్ నది ఒడ్డున ఓ ఇల్లు కావాలనుకుంది. ఆ రోజుల్లో పేరుమోసిన మీస్ వాన్ డెర్ రోహ్‌కు ఆ పని అప్పగించింది. 1951కి ఇల్లు పూర్తయింది. తెల్లటి ఉక్కు స్తంభాల మీద, నేలకు అయిదడుగుల ఎత్తున, నాలుగు వైపులా అద్దాలే గోడలుగా ఒకే ఒక్క గది. మరుగు ఉన్నది స్నానాల గదులకు మాత్రమే. ఫొటోల్లో చూస్తే ఇప్పటికీ కళ్ళు తిప్పుకోలేం.

కానీ అందులో ఉండాల్సింది ఆవిడ కదా! రోడ్డు మీంచి చూస్తే వంటింటితో సహా అంతా కనిపిస్తుంది కాబట్టి సింకు కింద చెత్తబుట్ట కూడా పెట్టుకోలేకపోతున్నానని వాపోయింది. రాత్రి దీపం వేస్తే పురుగులు ముసిరేవి. ఖర్చు అనుకున్నదాని కన్నా ఎక్కువైంది. ఇద్దరూ కోర్టుకెక్కారు. చివరికి ఆవిడే డబ్బు కట్టాల్సి వచ్చింది. 2021లో మాత్రం ఆ ఇంటిని చూసుకుంటున్న సంస్థ దానికి 'ఈడిత్ ఫార్న్స్‌వర్త్ హౌస్' అని ఆవిడ పూర్తి పేరు పెట్టింది.

చిన్నపిల్లలు గీసిన బొమ్మలా

ఇక రెండో ఇల్లు ఫిలడెల్ఫియాలో ఉంది. రాబర్ట్ వెంచురి అనే యువ ఆర్కిటెక్టు, భర్త పోయిన తన తల్లి వానా కోసం 1964లో కట్టాడు. చిన్నపిల్లల్ని ఇల్లు గీయమంటే ఏం గీస్తారు? ఏటవాలు కప్పు, పొగ గొట్టం, ఓ తలుపు, కిటికీలు. ముందు నుంచి అచ్చం అలాగే ఉంటుంది. బల్లపరుపు కప్పులే గొప్ప అనుకునే రోజుల్లో అది పెద్ద సాహసం!

అందులో కొంటెతనమూ ఉంది. కప్పు మధ్యలో చీలి ఉంటుంది. గుమ్మం మీద ఏ బరువూ మోయని కమాను గీత, అంటే ఉత్త అలంకారం. మేడ మీద ఒక మెట్ల వరస ఎక్కడికీ వెళ్ళకుండా ఆగిపోతుంది. ఇన్ని చమత్కారాల మధ్య కూడా తల్లి అవసరాలు మరిచిపోలేదాయన. పెద్దావిడ మెట్లెక్కే పని లేకుండా పడకగది, వంటిల్లు అన్నీ కిందే పెట్టాడు. ఆవిడ ఎన్నో ఏళ్ళుగా దాచుకున్న పాత సామాను పట్టేలా గదులు వేశాడు. ఆవిడ కారు నడపదు కాబట్టి కారు షెడ్డు కట్టలేదు. 1973 దాకా ఆవిడ అక్కడే ఉంది.

తక్కువలోనే ఎక్కువ ఉందన్నది మీస్ సిద్ధాంతం. తక్కువైతే విసుగే మిగులుతుందని వెంచురి 1966 నాటి పుస్తకంలో చమత్కరించాడు. పాతదంతా తుడిచెయ్యక్కర్లేదు, జ్ఞాపకాలకూ అలంకారానికీ ఇంట్లో చోటుంది అన్న ఈ ధోరణికే తర్వాత పోస్ట్ మోడర్నిజం అని పేరొచ్చింది. చిత్రకళలోనూ ఇలాంటి మార్పే వచ్చింది. 1962లో ఆండీ వార్హోల్ దుకాణాల్లో అమ్మే సూప్ డబ్బాల్నే 32 బొమ్మలుగా వేసి గ్యాలరీలో పెట్టాడు.

అయితే ఇదీ ఫ్యాషనైపోయింది. బరువు మోయని స్తంభాలు అంటించి గొప్ప అనుకునే భవనాలు ఊరూరా లేచాయి. మన అపార్ట్‌మెంట్ల ముందూ కనిపిస్తాయి. వెంచురి అయితే తాను పోస్ట్ మోడర్నిస్టునే కాదు పొమ్మన్నాడు!

సగం పని, సున్నా పేరు

ఇంకో ముఖ్యమైన మనిషి ఉంది. వెంచురి భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్, స్వయంగా ఆర్కిటెక్టు. 1967లో పెళ్ళయింది. మామూలు జనం ఇష్టపడే వీధులూ, సైన్ బోర్డుల నుంచి కూడా నేర్చుకోవాల్సింది ఉందని చెప్పే 1972 నాటి లాస్ వేగాస్ పుస్తకం రాసిన ముగ్గురిలో ఆవిడ ఒకరు. కానీ 1991లో ఆర్కిటెక్టుల నోబెల్ అనదగ్గ ప్రిట్జ్‌కర్ బహుమతి భర్త ఒక్కడికే ఇచ్చారు. ఆ సభకు ఆవిడ వెళ్ళలేదు. 2013లో హార్వర్డ్ విద్యార్థినులు, ఆవిడ పేరూ చేర్చమని సంతకాలు సేకరించారు. వెంచురి కూడా సంతకం పెట్టాడు. అయినా కమిటీ కాదంది. 2016లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ మాత్రం తన బంగారు పతకాన్ని ఇద్దరికీ కలిపి ఇచ్చింది. ఇల్లాలి అవసరాలు గుర్తించిన ఉద్యమానికి కూడా ఇల్లాలి పనిని గుర్తించడానికి అంతకాలం పట్టింది మరి.

ఇదంతా చెబితే మా ఆడపడుచు శ్రద్ధగా వింది. వారం తర్వాత వెళ్తే హాలుకీ వంటింటికీ మధ్య ఓ వెదురు తడిక వేలాడుతోంది. "ప్లాను గీసిచ్చినాయన చూస్తే ఏమంటాడో వదినా" అంది. ఏమన్నా అననీ!

మీరూ ఇల్లు కట్టుకుంటుంటే ప్లాను ముందేసుకుని నాలుగు ప్రశ్నలు అడగండి. చెత్తబుట్ట ఎక్కడ? అత్తగారి మంచం ఎక్కడ? అమ్మిచ్చిన పాత బీరువా పడుతుందా? నేను తలుపేసుకుని కాసేపు కూర్చోవడానికి చోటుందా? వీటికి జవాబులు దొరికాక ఏ ఇజం అయినా ఫరవాలేదు.